గింజ మనది, చొప్ప గొడ్డుది

సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లో మావాడి ఫ్లాటుకి దగ్గరున్న సూపర్‌మార్కెట్లో మాంసం బల్ల ముందు నిలబడి చీటీలు చదవడం నాకో అలవాటు. కొనేది లేదు, తినేది లేదు. తినేవాళ్ళని ఏమీ అననూ అనను. "మామయ్యా, రండి, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు" అని మా కోడలు నసుగుతుంది. అనుకోనీ. గొడ్లతో పెరిగినవాణ్ణి, గొడ్డు సంగతి కనబడితే చదవక ఏం చేస్తాను?

ఆ చీటీల మీద ఏముంటుందో తెలుసా? 'గ్రెయిన్ ఫెడ్, 120 రోజులు'. గింజలు మేపిన పశువని ఎంత గొప్పగా అచ్చేసుకున్నారో! మా రోజుల్లో గొడ్డుకి గింజ పెడుతున్నాడంటే ఆ ఇంట్లో బండలాగుడు పందేలకి వెళ్ళే గిత్తలన్నా ఉండాలి, ఆసామికి మతి అన్నా పోయుండాలి. పందెం గిత్తలకైనా పెట్టేది ఉడకబెట్టిన ఉలవలే. జొన్న గింజ మనిషిది, జొన్న చొప్ప గొడ్డుది. ఈ వాటా ఎవరూ కాగితం మీద రాసుకోలేదు, ఎవరూ తప్పనూ లేదు.

మాది ఒంగోలు దగ్గర, గుండ్లకమ్మ వైపు. రేగడి చేలల్లో ఆశ్వయుజ, కార్తీక వానలకి విత్తిన జొన్న సంక్రాంతి దాటాక కోతకొచ్చేది. మనిషికంటే ఎత్తు పెరిగిన పైరు. కంకి కోసుకుని, చొప్ప కట్టలు కట్టి, ఆరబెట్టి, వామి వేస్తే వేసవి నడినెత్తిన కూడా గొడ్ల చావిట్లో గాడి ఖాళీ అయ్యేది కాదు. కాలవ కింద మాగాణి ఉన్నవాళ్ళది ఇంకో పద్ధతి. వరి కోతకి కొద్ది రోజుల ముందే, నేలలో పదును ఉండగానే, నిలబడిన చేలో పిల్లిపెసర, జనుము చల్లేసేవాళ్ళు. వరి కోసి కుప్ప వేసేసరికి కింద పచ్చగా లేచి ఉండేది. చలికాలమంతా గొడ్లు ఆ మాగాణిలోనే. నీరు పెట్టేది లేదు, ఎరువు వేసేది లేదు, పైగా గొడ్డు తిరిగిన చోట పేడ పడేది.

అందులోనూ తోలడానికో తెలివి ఉండాలి. మంచు ఆరకుండా ఖాళీ కడుపుతో పిల్లిపెసరలోకి తోలితే పశువుకి కడుపు ఉబ్బుతుంది. ముందు చావిట్లో నాలుగు పరకలు ఎండుగడ్డి పడేసి, పొద్దెక్కాక పలుపు విప్పాలి. కోసిన జొన్న దుబ్బు మళ్ళీ చిగురేస్తే ఆ లేత పిలకలు విషం. అటు పోకుండా కాపలా కాయాలి. ఇవన్నీ పదేళ్ళ పిల్లాడికి తెలుసు. ఇప్పుడు మా మనవడికి పన్నెండు. పాలు ఎక్కణ్ణుంచి వస్తాయిరా అంటే, రెండో అరలోంచి అంటాడు.

వాణ్ణని లాభం లేదు, ఊరే అలాంటిది. 1999లో ఇక్కడ డ్రైవరు లేని రైలు వేశారు. ఎల్ఆర్టీ అనే ఆ చిన్న రైళ్ళలో దేశంలో ఇదే మొదటిదని గొప్పగా చెప్తారు. అంతకు చాలా ముందు ఇదంతా కూరగాయల తోటలు, కోళ్ళు, పందులు. పక్కనే డెయిరీ ఫామ్ రోడ్డు. 1930 ప్రాంతంలో కోల్డ్ స్టోరేజ్ కంపెనీవాళ్ళు అక్కడి గుట్ట పక్కన ఫ్రీజియన్ ఆవుల్ని మేపి, ఊరికి పాలు పోశారు. ఇప్పుడు ఆవులు లేవు. వాటి కొట్టాన్ని బాగుచేసి, పిల్లలకి ప్రకృతి పాఠాలు చెప్పే వాలెస్ కేంద్రం చేశారు. ఆ పేరుగల ఇంగ్లీషు దొర 1854లో ఈ చుట్టుపక్కల అడవిలో పురుగులు ఏరుకున్నాడట. చుట్టూ మాత్రం డెయిరీ ఫామ్ పేరుతోనే కోట్లు పలికే ఫ్లాట్లు. పేరు మిగిలింది, పేడ లేదు. ఈ దేశం తినేదాంట్లో నూటికి తొంభై పాళ్ళు పైగా బయటినుంచే వస్తుంది. చోటు లేనివాళ్ళు, వాళ్ళనేం అంటాం. చోటుండీ చెడగొట్టుకున్న మనవాళ్ళ మీదే నా సణుగుడంతా.

1964లో సీఎస్‌హెచ్-1 అని హైబ్రిడ్ జొన్న వచ్చింది. గింజ బాగా పెరిగింది, కర్ర కురచబడింది. అందరూ గింజ తూకం చూశారు, కురచైన చొప్ప ఎవరి కంటికీ ఆనలేదు. తర్వాత రేగడి చేలల్లో పొగాకు, పత్తి, మిరప. పొగాకు కర్రకి ఏ గొడ్డు మూతి పెడుతుంది? ట్రాక్టరు వచ్చాక ఎద్దుతో పనే లేకపోయింది. మాగాణిలో పిల్లిపెసర పోయి మొక్కజొన్న వచ్చింది. వరి కోసిన నేలని దున్నకుండానే గింజ గుచ్చుతున్నారు. దిగుబడి బ్రహ్మాండం, ఒప్పుకుంటాను. ఆ గింజ పోయేది కోళ్ళ దాణాకి, ఈమధ్య ఇథనాల్‌కి కూడా. మరి చొప్ప? కర్ర లావు, గొడ్డు ఆకు నమిలి కర్ర వదిలేస్తుంది, కూలి దండగ అని చాలాచోట్ల అగ్గిపుల్ల గీస్తున్నారు. గింజ కోడికి పోసి చొప్ప నిప్పుకి పెట్టే సేద్యం మా నాన్న చూసుంటే చేలోనే కూలబడేవాడు.

అదేమంటే 'అమెరికా పద్ధతి' అంటారు. అమెరికా పద్ధతేమిటో నాకు మా మనవడే ఫోన్లో చూపించాడు. నెబ్రాస్కా, అయోవాల్లో మొక్కజొన్న కోతయ్యాక ఆ మోళ్ళలోకే మాంసం జాతి ఆవుల్ని తోలుతున్నారు. చలికాలమంతా అక్కడే మేత. ఆవు ముందు రాలిన కండెలు ఏరుకుంటుంది, తర్వాత కండె మీది పొట్టు, ఆకు, గతిలేకపోతే కర్ర. కండెలు మరీ ఎక్కువ రాలిన చేలోకి ఒక్కసారిగా వదలరు. గింజ అతిగా తింటే కడుపులో పులుపెక్కి చచ్చిపోతుంది. అంటే ఆ దేశంలోనూ కాపలాకాసే తెలివి ఉంది. మనం వాళ్ళ దగ్గర ట్రాక్టరు నేర్చుకున్నాం, మోళ్ళలోకి గొడ్డుని తోలడం మాత్రం మర్చిపోయాం.

ఇంతకంటే ఒళ్ళు మండే సంగతి బ్రెజిల్ది. 1868లో మన ఒంగోలు జాతి గొడ్లు రెండు సాల్వదోర్ రేవులో దిగాయి. నెల్లూరు పేరు మీద అక్కడ నెలోరె అని పిలిచారు. 1960ల మొదట్లో మళ్ళీ వచ్చి మేలైన ఆబోతుల్ని కొనుక్కుపోయారు. అందులో ఒకదాని పేరే కరవది, ఒంగోలు పక్కనున్న ఊరు. ఇప్పుడు ఆ దేశంలో ఇరవై కోట్ల పైచిలుకు పశువులుంటే వాటిలో ఎక్కువ భాగం ఆ తెల్ల మూపురం రక్తమే. వియాటినా-19 అనే ఆవుకి 2023 వేలంలో కట్టిన విలువ నలభై లక్షల డాలర్ల పైమాట. సోయా తీశాక మొక్కజొన్న వేస్తారు, సాళ్ళ మధ్య బ్రాకియారియా గడ్డి చల్లుతారు. జూన్, జూలైల్లో కండె కోశాక ఆ గడ్డి లేస్తుంది. వానల్లేని వాళ్ళ చలికాలమంతా నెలోరెలు అందులోనే మేస్తాయి. చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మా మాగాణిలో పిల్లిపెసర చల్లిన పద్ధతి ఇదే కదయ్యా! గొడ్డు మనది, ఎత్తు మనది, లాభం వాళ్ళది. బ్రెజిల్ మాంసం చీటీ ఇక్కడి బల్ల మీదా కనబడుతుంది. అక్కడ మాత్రం నేను నిలబడలేను.

మా రోజులన్నీ బంగారం అనను. పాలేరు బతుకు బంగారం కాదు, కరువొస్తే గొడ్లని కబేళాకి తోలిందీ మేమే. ఎద్దుల్ని మళ్ళీ కట్టమని ఎవరితోనూ అనను, కట్టేవాడెవడు? కానీ మేత తగలబెట్టడానికి ఏ పేదరికమూ సాకు కాదు. చొప్ప ముక్కలు కొట్టే మిషన్లు ఊళ్ళోకి వచ్చాయి. ముక్కలు కొట్టి వేస్తే లావు కర్ర కూడా గేదె వదలదు. కండె విరిచినప్పుడు చొప్ప ఇంకా పచ్చిగా ఉంటే కొట్టి, గాలి లేకుండా తొక్కి పాతర వేసుకోవచ్చు. పాతర గడ్డిని ఇప్పుడు బస్తాల్లో కొనుక్కుంటున్నారు, సొంత చేలోది కాల్చేసి.

ఈ వేసవికి సింగపూర్ నుంచి ఊరికి పోయేవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. పొలం కౌలుకిచ్చినవాళ్ళూ ఉంటారు. కౌలు డబ్బులు తీసుకునేటప్పుడు ఆ రైతుతో ఒక మాట చెప్పండి. మొక్కజొన్న చొప్పకి నిప్పు పెట్టే ముందు ఊళ్ళో గేదెలున్నవాళ్ళని ఒక కేక వెయ్యమనండి. వాళ్ళే వచ్చి కోసుకుపోతారు.