కిటికీ మూసింది నేనే

2016 సెప్టెంబరు 30, శుక్రవారం. పెత్రమాస, బతుకమ్మ పండుగ మొదలయ్యే రోజు. టొరంటో దగ్గరి ఓక్‌విల్‌లో మా ఇంటి పై గదిలో కూర్చుని బతుకమ్మ మీద కథ రాస్తున్నాను. కింద పెరట్లో మా అమ్మ బతుకమ్మ ఆడుతోంది. ఒక్కతే పాడుతోంది, ఒక్కతే చప్పట్లు కొడుతోంది. తొమ్మిదేళ్ల మా అమ్మాయి మధ్యమధ్యలో చరణం చివరి మాట అందుకుంటోంది. ఆ పాట వల్ల నా వాక్యం తెగిపోతోందని లేచి కిటికీ మూశాను.

ఆ చప్పుడు అమ్మకు వినిపించిందో లేదో ఇప్పటికీ అడగలేదు. పాట మాత్రం ఆగలేదు. అద్దం అవతల ఆమె వంగి లేస్తూ, చప్పట్లు కొడుతూ తిరగడం కనిపిస్తూనే ఉంది. నేను బల్ల దగ్గరికి తిరిగొచ్చి, మా ఊరి చెరువు కట్ట మీదికి ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని వచ్చే దృశ్యం ఇంకో పేరా రాశాను.

కథలు రాయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. పన్నెండు అచ్చయ్యాయి. టొరంటో చుట్టుపక్కల తెలుగువాళ్లు సాహిత్య సమావేశం పెట్టి పిలిస్తే వెళ్తుంటాను. అక్కడ తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: మీకు ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుంది? నా జవాబు ఎప్పుడూ సిద్ధమే. హుజూరాబాద్ దగ్గర మా ఊరు, ఇంటి వెనక మోటబాయి, బాయి గడ్డన చింతచెట్టు, చెరువు కట్ట మీద సద్దుల బతుకమ్మ. "నా కథలన్నీ అక్కడే ఉన్నాయి. ఇక్కడ నాకున్నది ఉద్యోగం, ఇంటి అప్పు" అనేదాన్ని. విన్నవాళ్లు తల ఊపేవారు. వాళ్లలో చాలామందికి అదే బాధ మరి. వాళ్లు తల ఊపిన కొద్దీ నా మాట మీద నాకు నమ్మకం పెరిగింది.

ఓక్‌విల్ కథకు పనికొచ్చే ఊరని ఏనాడూ అనుకోలేదు. పొద్దున రైలెక్కి టొరంటో యూనియన్ స్టేషన్‌కు పోవడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం, చలికాలం వాకిట్లో మంచు తవ్వడం. ఊరి మధ్యగా సిక్స్‌టీన్ మైల్ క్రీక్ అనే ఏరు పారి ఒంటారియో సరస్సులో కలుస్తుంది. ఆ వంతెన మీదుగా వేలసార్లు పోయి ఉంటాను. ఏటి ఒడ్డున ఏ చెట్లున్నాయో ఒక్కసారి దిగి చూడలేదు. ఊరి పేరులోనే ఓక్ ఉంది. విలియం చిజమ్ అనే ఆయన 1827లో ఇక్కడ నేల కొన్న నాడు చుట్టూ ఓక్ అడవి. ఆ చెక్క పీపాల తయారీకి ఎగుమతయ్యేదట. ఈ సంగతి కూడా మా అమ్మాయి బడిలో నేర్చుకొచ్చి చెబితేనే తెలిసింది.

నాకు అడ్డం పెట్టుకోవడానికి పెద్ద రచయితల పేర్లు దొరికాయి. మాకు దగ్గర్లోనే బ్రాంప్టన్‌లో ఉంటూ రోహింటన్ మిస్త్రీ బొంబాయి రాశాడు కదా అనేదాన్ని. అలిస్టర్ మెక్‌లియాడ్ ఇదే ఒంటారియో రాష్ట్రంలో విండ్సర్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ తన కేప్ బ్రెటన్ దీవిని రాశాడు కదా అనేదాన్ని. రెండూ నిజాలే. అయితే మెక్‌లియాడ్ ఏటా ఎండాకాలం పిల్లాపాపలతో ఆ దీవికి వెళ్లి, సముద్రానికి ఎదురుగా ఉన్న గుడిసెలో కూర్చుని రాసేవాడు. ఆ సగం నేను వదిలేశాను. మా ఊరికి నేను మూడు నాలుగేళ్లకోసారి, మూడు వారాల సెలవు మీద పోతాను. అందులో రెండు వారాలు హైదరాబాదులో పెళ్లిళ్లకూ షాపింగుకూ సరిపోతాయి. ఊళ్లో ఉండేది నాలుగు రోజులు.

రచయితలు తమ రాతల గురించి చెప్పుకున్నదేదైనా వదలకుండా చదివేదాన్ని. తానా వాళ్లు వేసిన 'కథ నేపథ్యం' నా దగ్గరుంది. ఒక్కో రచయిత తన కథ ఎలా పుట్టిందో చెప్పిన పుస్తకం. దాని నిండా నా పెన్సిలు గీతలే. ఈ మధ్య మళ్లీ తిరగేశాను. ఊరు, చెట్టు, వాన, బాల్యం అన్న మాటలున్న చోటల్లా గీత గీశాను. ఎవరో ఒక మనిషి ఎదురుపడి, వాళ్ల మాట వదలక వెంటాడి, కథ రాయించిందన్న చోట గీత లేదు. 2013లో పనిగట్టుకుని శ్రీకాకుళం పోయి, కథకుడు కారా మాస్టారు 1997లో పెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయం చూసొచ్చాను. బీరువాల ముందు ఫోటో దిగాను. ఆయన బడిపంతులుగా పనిచేస్తూ, పక్కనున్న మనుషుల బతుకులు చూస్తూ రాసినవాడు. ఆ సంగతి తెలిసే వెళ్లాను. తెలిసీ ఏమీ నేర్చుకోకుండా తిరిగొచ్చాను.

అమ్మ మా దగ్గరికి వచ్చింది ఆ 2016 జూన్‌లో, తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద. నాన్న పోయిన ఏడాదికి. తొమ్మిది నెలలు ఉంది. అదే ఏడాది నేను పై గదిలో కొత్త బల్ల వేయించుకుని, వారానికి మూడు సాయంత్రాలు తలుపు వేసుకుని రాయాలని పట్టు పట్టాను. తలుపు వేసి ఉంటే తట్టొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. అమ్మకు కూడా చెప్పాను. ఆమె తట్టలేదు. చాయ్ గ్లాసు తలుపు బయట నేల మీద పెట్టి, మూత పెట్టి, దిగిపోయేది. మెట్ల మీద ఆమె మోకాళ్లు పట్టుకుని దిగే చప్పుడు వినిపించేది. నేను లేచి వెళ్లేసరికి చాయ్ మీద మీగడ కట్టి ఉండేది.

పెత్రమాస నాడు మాత్రం తలుపు తట్టింది. ఆ రోజు రాయడానికే సెలవు పెట్టాను. తీసి చూస్తే రెండు చేతుల నిండా పసుపు పూల కట్టలు. మా పెరటి కంచె పక్కన ఏటా సెప్టెంబరులో నడుమెత్తు పెరిగే పిచ్చి మొక్కవి. ఇక్కడివాళ్లు గోల్డెన్‌రాడ్ అంటారు. మా ఆయన ఏటా కోసి పారేస్తుంటాడు. ఒక్కో కాడను జానెడు మేర తుంపి, కుట్టు దారంతో పది పన్నెండు కలిపి కట్టింది. అరచేతులకూ చీర కుచ్చిళ్లకూ పసుపు పొడి అంటుకుని ఉంది.

"గిది జూడు బిడ్డా, అచ్చం తంగేడు లెక్కనే ఉన్నది" అన్నది.

"తర్వాత చూస్తానమ్మా" అన్నాను.

"సరే తీ, రాస్కో" అని దిగిపోయింది. నేను తలుపు వేశాను. అప్పుడు తెర మీదున్న వాక్యం తంగేడు పూల గురించే.

ఆ కథ మరుసటి ఏడాది ఒక పత్రికలో వచ్చింది. బాగుందని పది మంది ఫోన్ చేశారు. అమ్మ అప్పటికి ఊరికి వెళ్లిపోయింది. పత్రిక పంపితే కళ్లజోడు పెట్టుకుని రెండు రోజులు చదివిందట. ఆదివారం ఫోన్‌లో చెప్పింది: "మంచిగ రాసినవ్ గని, మన బాయి పూడ్చి పదేండ్లాయె గదనే. చింతచెట్టు రోడ్డు కింద పోయె. ఇప్పుడు తంగేడు పువ్వు గూడ మనూర్ల దొరుకుతలేదు. హుజూరాబాద్ అంగట్ల కొనుక్కస్తున్నరు." తప్పు పట్టినట్టు అనలేదు. నాకు తెలియదేమోనని చెప్పింది. నిజంగానే తెలియదు. నాలుగు రోజులుండి వచ్చేదాన్ని, ఇంటి వెనక్కి పోయి చూసిందెప్పుడు?

అయినా నాకు బుద్ధి రాలేదు. కథలో ఉన్నది జ్ఞాపకంలోని ఊరు, అది అలాగే ఉంటుందని సర్దిచెప్పుకున్నాను.

2018 ఎండాకాలంలో బేస్‌మెంట్ సర్దుతుంటే మా అమ్మాయి నాలుగో తరగతి నోట్‌బుక్ దొరికింది. సెలవు రోజున మీ ఇంట్లో ఏం జరిగిందో రాయమంటే రాసిన ఒక పేజీ. ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెబుతున్నాను. మా అమ్మమ్మ కంచె పక్క పూలతో గోపురం కట్టింది. స్టీలు తాంబాళంలో మేపుల్ ఆకులు పరిచి, పసుపు పూలు ఒక వరస, ఊదా పూలు ఒక వరస పేర్చింది. పైన పసుపు ముద్ద పెట్టి అది దేవత అంది. తిరిగి తిరిగి నాకు కళ్లు తిరిగాయి. తర్వాత బట్టలు నానబెట్టే టబ్బులో నీళ్లు పోసి దాన్ని వదిలాం. అమ్మమ్మ ఏడ్చింది. ఎందుకంటే ఇక్కడ చెరువు లేదంది. పెద్ద లేక్ ఉంది కదా అన్నాను. దానికి కట్ట లేదు అంది. మా అమ్మ పైన పని చేసుకుంటోంది.

ఆ చివరి వాక్యం దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను. పేజీలో నా గురించి ఉన్నది అదొక్కటే. ఇరవై ఏళ్లుగా నేను వెతికిన కథ నా పెరట్లో జరిగింది. తొమ్మిదేళ్ల పిల్ల చూసింది, రాసింది. నేను కిటికీ మూసుకున్నాను. అమ్మ ఏడ్చిందని రెండేళ్ల తర్వాత, పిల్ల నోట్‌బుక్ చదివి తెలుసుకున్నాను.

ఆ నెలలోనే నేవీ స్ట్రీట్‌లోని మా లైబ్రరీలో మేజో డి లా రోష్ అనే రచయిత్రి పుస్తకం కంటపడింది. దాని పేరు 'జాల్నా'. ఆ పేరు చూసి చేయి ఆగింది. జాల్నా మనది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనిది, ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. చిన్నప్పుడు షిర్డీ పోతూ అజంతా ఎక్స్‌ప్రెస్‌లో నిద్రకళ్లతో ఆ స్టేషన్ బోర్డు చూసినదాన్ని. ఒంటారియో నవలకు ఆ పేరెలా వచ్చింది? కథలో ఒక ఆంగ్ల సైనికాధికారి ఇక్కడికి వచ్చి ఇల్లు కట్టుకుంటాడు. తనకు భార్య పరిచయమైన దండు ఊరి పేరు ఆ ఇంటికి పెట్టుకుంటాడు. 1927లో ఆ నవలకు అమెరికాలో 'అట్లాంటిక్ మంత్లీ' పత్రిక 10,000 డాలర్ల బహుమతి ఇచ్చింది. ఆ ఇంటి మనుషుల మీద ఆమె మొత్తం 16 నవలలు రాసింది.

మేజో కుటుంబం 1910ల మొదట్లో కొన్నేళ్లు బ్రాంటీలో, సరస్సు ఒడ్డున, పండ్ల తోటతో పశువులతో వ్యవసాయం చేసింది. బ్రాంటీ ఇప్పుడు ఓక్‌విల్‌లో భాగం. ఆ ఊరి పేరు చూసి నేను ఇంగ్లీషు రచయిత్రులైన బ్రాంటీ అక్కచెల్లెళ్ల పేరనుకునేదాన్ని. నౌకాసేనాని నెల్సన్‌కు ఇటలీలో దక్కిన జాగీరు పేరట. అక్కడి ఆ పండ్ల తోటే మేజో మొదటి నవల 'పొజెషన్'కు ఆధారమైంది. అది 1923 నాటిది. జాల్నా ఇంటికి నమూనా అని చెప్పే ఇల్లు క్లార్క్‌సన్‌లో ఉంది. దాని పేరు బెనారస్, ఇప్పుడు మ్యూజియం. క్లార్క్‌సన్ అంటే, నేను రోజూ ఎక్కే రైలు ఓక్‌విల్ తర్వాత ఆగే మొదటి స్టేషన్. పద్నాలుగేళ్లు ఆ స్టేషన్ దాటుకుంటూ, ఫోన్‌లో మా ఊరి కథలు టైపు చేసుకుంటూ పోయాను.

ఆమెలో నన్ను ఎక్కువ పట్టుకున్నది ఇంకోటి. తనతో కలిసి పెరిగిన కరొలిన్ క్లెమెంట్‌తో ఆమె చిన్నప్పటి నుంచి ఒక ఆట ఆడేది. ఇద్దరూ కల్పిత మనుషులుగా మారి మాట్లాడుకునేవారు. పెద్దయ్యాక కూడా మానలేదు. ఆమె నవలల్లోని సంభాషణకు అంత ప్రాణం ఆ ఆట వల్లే వచ్చిందని నేను నమ్ముతున్నాను. రోజూ ఎదురుగా ఒక మనిషి ఉంది, మాటకు మాట ఇచ్చింది. మా అమ్మ తొమ్మిది నెలలు నా ఎదురుగా ఉంది. నేను ఆమెతో మాట్లాడింది మందుల గురించి, కూరల గురించి, ఇండియా టికెట్ల గురించి.

తలుపు వేసుకోవడం తప్పని అనను. పిల్లలున్న ఇంట్లో రాసే ఆడదానికి తలుపు కావాలి, దాని కోసం నేను పోరాడాను, ఇప్పటికీ వదులుకోను. ఎవరు తడుతున్నారో, ఎందుకు తడుతున్నారో చూడకపోవడం నా తప్పు. ఊరిని రాయడమూ తప్పు కాదు. ఊరి నుంచి నడిచొచ్చిన మనిషిని మెట్ల మీద నుంచి తిప్పి పంపించి ఊరిని రాశాను. దానికి నా దగ్గర సమాధానం లేదు.

అమ్మ మళ్లీ రాలేదు. మోకాళ్లు అంత ప్రయాణం తట్టుకోవన్నది డాక్టరు మాట. ఇప్పుడు ఆదివారాలు ఫోన్‌లో నేనే అడుగుతాను. బాయి ఎవరు పూడ్చారు, మట్టి ఎక్కడి నుంచి తెచ్చారు, పూడ్చిన రోజు నాన్న ఏమన్నాడు, ఇక్కడ పెరట్లో ఒక్కతే ఆడుతుంటే ఎవరు గుర్తొచ్చారు. ఆమె చెబుతుంది, నేను రాసుకుంటాను. ఓక్‌విల్ పెరట్లో బతుకమ్మ ఆడిన ఒక ముసలామె కథ రాయడం మొదలుపెట్టి మూడుసార్లు తిరగరాశాను. అందులో పై గది కిటికీ ఉంది. దాన్ని మూసే చెయ్యి కూడా ఉంది.

మూడో ప్రతి అమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాను. కిటికీ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఆగింది. ఆమె అటు నుంచి "చదువు" అన్నది. చదివాను. అంతా అయ్యాక ఒక్క మాట సరిచేసింది. కథలో నేను ఆ పూలను గోల్డెన్‌రాడ్ అని రాశాను. తానూ మనవరాలూ వాటికి వేరే పేరు పెట్టుకున్నామని చెప్పింది: కంచెపూలు. కథలో ఇప్పుడు అదే పేరుంది.