కార్నర్ మాహాత్మ్యం: టీకా తాత్పర్య సహితం

మూలం:
పట్టినట్టి పట్టు పద్దులో నుండును
పట్టనట్టి పట్టు పద్దు లేదు
మూలనున్నవాని ముందుకే రాకున్న
అంకె సున్న, వాడె యడ్డుగోడ

అవతారిక: చందర్లపాడు వైపు సంక్రాంతికి సున్నం గీతలు గీసిన కబడ్డీ కోర్టు పక్కన పుట్టినట్టు భావించవలసిన పద్యం. మూలకర్త, టీకాకర్త ఒక్కరే కనుక కవిహృదయం గురించి పేచీ లేదు. మూడు, నాలుగు పాదాల నడుమ సంధి కలపలేదని వ్యాకర్తలు అలగవచ్చు. రిఫరీ ఈల వేయలేదు, ఆట సాగుతుంది.

ప్రతిపదార్థం: పట్టినట్టి పట్టు = నెగ్గిన టాకిల్; పద్దులో నుండును = స్కోరుషీటు కెక్కును, టీవీలో పేరు కింద మెరయును; పట్టనట్టి పట్టు = చెయ్యి వేయకుండానే రైడర్‌ను తిప్పి పంపుట; మూలనున్నవాడు = ఎడమ లేక కుడి కార్నర్ (మూలపడ్డవాడని సెలెక్టర్ల మతం); అడ్డుగోడ = అడ్డుగోడే.

తాత్పర్యం: కూతకొచ్చినవాడు ఎడమ కార్నర్‌ను చూసి జంకి, కుడివైపే తచ్చాడి, 30 సెకన్లూ గడిపి ఉత్త చేతులతో పోయాడు. మళ్ళీ అదే. వరుసగా రెండు ఖాళీ అయ్యాయి కనుక మూడోది డూ ఆర్ డై. గత్యంతరం లేక దూకాడు, కుడి కార్నర్‌కు దొరికాడు. పాయింటు కుడివాడిది. రెండు కూతలు వృథా చేయించిన ఎడమవాడికి ఏమీ లేదు.

పూర్వపక్షం: గణాంకవేత్తలు ఊరుకోరు. టాకిల్ పాయింట్లున్నాయి, సక్సెస్ రేటుంది, ఒకే ఆటలో ఐదు తెస్తే హై ఫైవ్ ఉంది, ఇంకేం కావాలంటారు.

సమాధానం: కోర్టులో ముగ్గురో అంతకు తక్కువో మిగిలినప్పుడు పట్టితే సూపర్ టాకిల్, అంటే రెండు పాయింట్లు. కాబట్టి తరచూ ముగ్గురికి కుదించుకుపోయే బలహీన జట్టులో డిఫెండర్‌కే పాయింట్లు పండే వీలెక్కువ. రెండు సూపర్ టాకిళ్ళు, ఒక మామూలు పట్టు: మూడు పట్లకే హై ఫైవ్. ఇక సక్సెస్ రేటు కాపాడుకోదలచినవాడు అనుమానం వచ్చిన ప్రతిసారీ చేతులు కట్టుకుని నిలబడితే చాలు. ఇది గణితదోషం కాదు, గణితానికి దొరికినది మాత్రమే గణించుట.

వేలంపాట ఏమంటుంది? 2018లో యు ముంబా ఇరాన్ ఎడమ కార్నర్ ఫజల్ అత్రాచలికి కోటి పెట్టింది; ప్రో కబడ్డీలో కోటి అందుకున్న తొలివాడు అతడే. 2023లో మన తెలుగు టైటాన్స్ 2.605 కోట్లకు పవన్ సెహ్రావత్ అనే రైడర్‌ను తెచ్చుకుంది, 22 ఆటల్లో 2 గెలిచి అట్టడుగున నిలిచింది. నేరం అతడిది కాదు, అతడు పాయింట్లు తెస్తూనే ఉన్నాడు.

దేశాంతర ప్రమాణం: మంచు హాకీలో ఇదే తంటా. డిఫెన్స్‌మన్ మంచు మీదున్నంతసేపూ ఇరుపక్షాలు చేసిన షాట్ ప్రయత్నాల తేడా తీసి దానికి జిమ్ కోర్సీ అనే గోలీ కోచ్ పేరు పెట్టారు. చేయనివ్వని షాట్లకూ లెక్క దొరికింది, మెచ్చదగ్గదే. కాని ఆ తేడా అతడిదా, పక్కనున్న జోడీదా, ఎదుటి నాసిరకం వరుసదా?

దృష్టాంతం: చందర్లపాడు దగ్గర్లోని గుడిమెట్ల దుర్గం. తిప్పికొట్టిన దండ్లను శాసనాల్లో చెక్కించవచ్చు. కొండ చూసి దారి మార్చుకున్న దండ్లను ఎవరు చెక్కించారు?

పాఠాంతరం: ‘అడ్డుగోడ’కు బదులు ‘అదనపు ఆటగాడు’ అని కొన్ని ఫ్రాంచైజీల ప్రతులలో కలదు. ఛందస్సు చెడుచున్నది కనుక గ్రాహ్యము కాదు.