రెండు ముద్దు, నాలుగు ముద్దు, మూడు మాత్రం వద్దు

కేంద్ర రవాణా శాఖ వారికి రెండు వచ్చు. నాలుగు వచ్చు. మూడు మాత్రం రాదు. నమ్మరా? 2021 జులైలో ముచ్చటపడి తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు చదవండి. యాభై ఏళ్లు దాటిన సొంత బండి మన వారసత్వమట. దాన్ని కాపాడుకోవాలట. అందుకు మధ్యలో ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారట. శభాష్. చప్పట్లు. ఇంతకీ ఏ బళ్లకు? రెండు చక్రాల వాటికి, నాలుగు చక్రాల వాటికి. మరి మూడు చక్రాల పాత లాంబ్రెట్టా సంగతి? దాని ఊసే లేదు.

అంటే ఏమిటన్నమాట? మీ తాతగారు కారులో తిరిగి ఉంటే అది వారసత్వం. స్కూటరు మీద తిరిగి ఉన్నా ఎలాగోలా సర్దుకుంటారు. మూడు చక్రాల బండి తోలి, బియ్యం బస్తాలు మోసి, పిల్లల్ని చదివించి ఉంటే మాత్రం అది తుక్కు. కిలోకి ఇంత. ఆరో నిజాం ఆర్డరిచ్చిన రోల్స్‌రాయిస్ చౌమహల్లా ప్యాలెస్‌లో దర్జాగా కొలువుదీరింది. ఉండనివ్వండి, అందమైన బండి. కానీ ఈ దేశంలో కూరగాయలు, సిలిండర్లు, స్కూలు పిల్లలు ఏ బండి ఎక్కి తిరిగారు? రోల్స్‌రాయిసా?

పోనీ, మన అధికారులకు నిజంగానే మూడు రాదా? భలేవారే! వసూళ్ల పట్టిక రాసేటప్పుడు చక్కగా వస్తుంది. పదిహేనేళ్లు దాటిన మూడు చక్రాల బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే ఒకప్పుడు రూ.600. 2022 ఏప్రిల్ నుంచి రూ.2,500. ఇరవై ఏళ్లు దాటితే, 2025లో తెచ్చిన సవరణ ప్రకారం రూ.5,000. ప్రత్యేకంగా ఒక వరుస గీసి మరీ రాశారు. గౌరవించే చోట మూడు లేదు. గుంజే చోట మూడు ఉంది. ఈ లెక్కలు ఏ బళ్లో నేర్చారు సారూ?

ఇప్పుడు అసలు కథకు వద్దాం. ఈ మూడు చక్రాల లాంబ్రెట్టాకు స్పేర్ పార్టులు దొరకవు. ఎందుకు? కంపెనీ మూసేశారు కాబట్టి. మూసింది ఎవరు? ఏ మిలాన్ సేఠో కాదు. మన సర్కారే.

ఇటలీలో యుద్ధం ముగిశాక మిలాన్‌లోని ఇన్నొసెంటి కంపెనీ లాంబ్రెట్టా స్కూటరు చేసింది. చితికిపోయిన దేశంలో చిన్న వ్యాపారి సరుకు మోసుకోవాలి కదా! అదే స్కూటరుకు మూడో చక్రం తగిలించి, ఒక తొట్టి బిగించింది. అదే తర్వాత లాంబ్రో అయింది. 1972లో మన కేంద్ర ప్రభుత్వం స్కూటర్స్ ఇండియా లిమిటెడ్ పెట్టి, ఇన్నొసెంటి దగ్గర లాంబ్రెట్టా యంత్రాలు, డిజైన్లు, డ్రాయింగులు, హక్కులు గంపగుత్తగా కొని లక్నోకు తెచ్చింది. ఎవరి డబ్బుతో? మీ డబ్బుతో. నా డబ్బుతో. అక్కడి నుంచే విజయ్ సూపర్ స్కూటర్లు వచ్చాయి. అక్కడి నుంచే విక్రమ్ మూడు చక్రాల బళ్లు వచ్చాయి. లక్నో సాంకేతికతతోనే మన హైదరాబాద్ ఆల్విన్ వారు పుష్పక్ స్కూటరు చేశారు. 1997లో లక్నోలో స్కూటర్లు ఆపేశారు. 2021 జనవరిలో కంపెనీనే మూసేయాలని కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది. ఆల్విన్ అంతకు ముందే ముక్కలు చెక్కలైంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆల్విన్ కాలనీ ఉంది. ఆల్విన్ చౌరస్తా ఉంది. ఆల్విన్ ఒక్కటే లేదు. ఫ్యాక్టరీ పోయినా బస్టాపు మిగిలింది. అభివృద్ధి అంటే ఇదే కాబోలు!

2021ని ఒక్కసారి గుర్తుపెట్టుకోండి. జనవరిలో బండి తయారుచేసిన కంపెనీకి తాళం. జులైలో బండిని అసలు రూపంలోనే కాపాడుకోవాలని హితబోధ. ఆగస్టులో పాత బళ్లను తుక్కు చేసే విధానం, అట్టహాసంగా ప్రారంభోత్సవం. ఒకే ఏడాది. ఒకే సర్కారు. ఎడం చెయ్యి విడిభాగాల దారి మూస్తుంది. కుడి చెయ్యి ‘ఒరిజినల్ పార్టే వెయ్యాలి సుమా’ అని వేలు చూపిస్తుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు.

ఆ ఒరిజినల్ కోసం బజారుకెళ్లండి. పుత్లీబౌలీకి వెళ్లండి. రాణిగంజ్ వెళ్లండి. విజయవాడ ఆటోనగర్ వెళ్లండి. క్లచ్ ప్లేట్లు అడిగితే ఇస్తారు. గేరు కేబుల్, హెడ్‌లైటు, పిస్టన్ రింగులు ఏదో రకంగా దొరుకుతాయి. ఎందుకంటే బండి ముందు సగం స్కూటరే. ఆ స్కూటరుకు లోకమంతా పిచ్చివాళ్లున్నారు. బ్రిటన్‌లో లాంబ్రెట్టా క్లబ్బులు ఇప్పటికీ ఊరేగింపులు తీస్తాయి. మన దేశంలో చిన్న చిన్న షెడ్లలో తయారైన పార్టులు అక్కడిదాకా వెళ్తాయి. లండన్ దొరగారి ఆదివారం షికారుకు మన మేస్త్రీలు పార్టులు అందిస్తున్నారు. మన లాంబ్రో మాత్రం షెడ్డు గోడకు చేరబడి తుప్పు పడుతోంది. సిత్రం కదూ!

అసలు తంటా వెనక సగంతో. అక్కడ డిఫరెన్షియల్ ఉంటుంది. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్తాయి. రెండింటికీ సర్దిచెప్పేది అదే. రెండు చక్రాల స్కూటరుకు దాని అవసరమే లేదు. కాబట్టి స్కూటరు ప్రేమికులెవరూ దాన్ని అడగరు. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చెయ్యరు. లోపల క్రౌను, పినియను పళ్లు అరిగాయంటే పని గోవిందా. ‘అన్నా, లాంబ్రెట్టా డిఫరెన్షియల్ ఉందా?’ అని అడిగి చూడండి. ‘ఏ జమానాల ఉన్నవ్ భాయ్? అది బందయి ఎన్నేండ్లాయె!’ అంటాడు. ఆయన తప్పేం ఉంది? ఆయన అమ్మేది దొరికే సరుకు. మనం అడిగేది ప్రభుత్వం పూడ్చిపెట్టిన సరుకు.

దొరికినదాని మీద పన్నో? మొన్నమొన్నటి దాకా పిస్టన్ రింగుకు 28 శాతం జీఎస్టీ. అదే శ్లాబులో పక్కన ఎవరు కూర్చున్నారు? పాన్ మసాలా! మసిపట్టిన బండిని మళ్లీ నడిపిద్దామనుకోవడం కూడా ఒక వ్యసనమే అనుకున్నారేమో. 2025 సెప్టెంబరులో 18కి దించారు. సంతోషం. ఇంతకాలం పట్టిందేం?

ఇక మరమ్మతు హక్కు. అవునండీ, ఆ పేరుతో మనకూ ఒకటుంది! 2022 డిసెంబరులో వినియోగదారుల శాఖ వారు ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించారు. ఫోన్లు, గృహోపకరణాలు, వ్యవసాయ యంత్రాలతో పాటు మోటారు వాహనాలూ అందులో ఉన్నాయి. కంపెనీలు విడిభాగాల వివరాలు చెప్పాలి, రిపేరు సమాచారం ఇవ్వాలి, వస్తువును కావాలని పాతబడేలా చేసి కొత్తది అంటగట్టకూడదట. ఎంత చక్కని మాటలు! మరి ప్రైవేటు కంపెనీలకు పాఠం చెప్పేముందు సొంత కంపెనీ సంగతి చూసుకోవద్దా? లక్నోలో తయారైన ప్రతి బండికీ విడిభాగాలు ఇవ్వాల్సిన తయారీదారు ఎవరు? పోర్టల్ పెట్టినవారి సర్కారే కాదూ? ఫిర్యాదు ఎవరి మీద రాయాలి? ఎవరికి రాయాలి?

సరే, పార్టు దొరకలేదు. చేతనైనంతలో మార్చుకుందాం అనుకున్నారా? ఆరు వోల్టుల గుడ్డి దీపం తీసేసి పన్నెండు వోల్టులది పెడదాం, కాంటాక్ట్ పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేద్దాం, బ్రేకు కాస్త గట్టిగా పట్టేలా చేద్దాం, ఇంజనే పోతే దొరికే ఇంజన్ బిగిద్దాం, తొట్టి స్థానంలో టీ కొట్టు కట్టిద్దాం అనుకున్నారా? జాగ్రత్త. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అన్నారు. ఒక్కో మార్పుకు! అనుమతి ఎక్కడో, ఎలాగో తెలియని మెకానిక్‌కు ఇది మీటరు తిరిగినట్టు తిరుగుతుంది.

చట్టం మంచిదే. రోడ్డు మీద ప్రాణాలున్నాయి. ఇష్టమొచ్చినట్టు వెల్డింగు చేస్తే ప్రమాదమే. కానీ అదే చట్టం మిగతావాళ్ల బండికి వర్తించదా? కారు అద్దాలకు నల్ల ఫిల్ములు వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. కార్ల ముందు ఆ ఇనుప కొమ్ములు తీసేయించండని రవాణా శాఖ 2017లో రాష్ట్రాలకు రాసింది. తీశారా? మీ ఊళ్లో చోటా నాయకుడి బండి చూడండి. ముందు కొమ్ములు. అద్దాలు చీకటి. నంబరు ఉండాల్సిన చోట ‘ఎమ్మెల్యే గారి తాలూకా’. ఆపే మొనగాడెవరు? కానిస్టేబులు సెల్యూట్ కొట్టి, పక్కనే వస్తున్న పాత బండికి చెయ్యడ్డం పెడతాడు. ‘ఏమయ్యా, అద్దమేది?’

నిజానికి మార్చిన పాత బండి అంటే మన నాయకులకు మహా మక్కువ. 1982లో ఎన్టీఆర్ ఒక పాత షెవ్రోలే వ్యానును చైతన్య రథంగా మార్పించి ఊరూరా తిరిగారు. తెలుగు రాజకీయాలు మలుపు తిరిగిందే ఒక మార్చిన పాత బండి మీద! ఆ తర్వాత ఎన్ని రథాలు, ఎన్ని మైకులు, పైకి లేచే ఎన్ని వేదికలు! వాటికి అనుమతులు చకచకా వస్తాయి. ఓట్ల కోసం మార్చుకుంటే అది రథం. పొట్ట కోసం మార్చుకుంటే అది నేరం. ఐరోపాలో ఇలాంటి పాత మూడు చక్రాల బళ్లను ముస్తాబు చేసి కాఫీ అమ్ముతారు. మన మంత్రివర్యులు స్టడీ టూరుకెళ్లి వాటి పక్కన నిలబడి ఫొటో దిగుతారు. తిరిగొచ్చాక ఇక్కడి టిఫిన్ బండిని మున్సిపాలిటీ లారీ ఎక్కిస్తుంది.

వింటేజ్ హోదా దక్కిన అదృష్టవంతుల సంగతీ వినండి. కొత్తగా నమోదు చేయిస్తే రూ.20,000. చాసిస్‌లో, బాడీలో, ఇంజనులో చెప్పుకోదగ్గ మార్పు ఉండకూడదు. మామూలుగా రోడ్డు మీద నడపకూడదు. ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలు పోయించుకోవడానికో, మరమ్మతుకో మాత్రమే బయటికి తీయాలి. మరమ్మతుకు తీసుకెళ్లొచ్చు. అక్కడ పెట్టే పార్టు ఏది అని మాత్రం అడక్కూడదు.

చాలించండి సారూ ఈ నాటకం. మీ చేతుల్లో ఉన్న పని ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు. లక్నో కంపెనీని మూసేటప్పుడు దాదాపు 147 ఎకరాల భూమి ఎవరికివ్వాలో నిర్ణయించారు. బ్రాండ్ పేర్లు విడిగా అమ్మాలనుకున్నారు. నేలకు లెక్క కట్టారు. పేరుకూ లెక్క కట్టారు. జనం డబ్బుతో కొన్న ఆ డ్రాయింగుల గురించి ఎవరైనా నోరెత్తారా? ఏ గేరుకు ఎన్ని పళ్లు, ఏ షాఫ్టు ఎంత మందం, ఏ ఉక్కు వాడాలి. అవన్నీ జనం ఆస్తి. బయట పెట్టండి. ఏ పోర్టల్‌లో అయితే మరమ్మతు హక్కు అని గొప్పలు రాసుకున్నారో ఆ పోర్టల్‌లోనే పెట్టండి. మిగతాది ఆటోనగర్ చూసుకుంటుంది. లేతు మిషను ముందు నిల్చున్న మేస్త్రీకి మీ సబ్సిడీ అక్కర్లేదు, మీ సన్మానం అక్కర్లేదు. కొలత చెప్తే చాలు, కోసిస్తాడు.

అలాగే ఆ నిబంధనలో రెండుకూ నాలుగుకూ మధ్య ఒక అంకె చేర్చండి. ఎలా రాయాలో తెలియకపోతే మీ ఫీజుల పట్టిక తెరిచి చూసుకోండి. అక్కడ స్పష్టంగానే రాసుకున్నారు.