హెచ్చరించేవాడిదేం పోయింది?

కంప్యూటర్ వాడే ప్రతి మనిషికీ ఒక విద్య ఎవరూ నేర్పకుండానే అబ్బుతుంది. తెర మీద ఓ పెట్టె లేచి "జాగ్రత్త" అనగానే, అందులో ఏం రాసుందో చదవకుండా, దాన్ని మాయం చేసే బొత్తాం ఎక్కడుందో కనిపెట్టే విద్య. ఆ బొత్తాం కుడిమూల ఇంటూ గుర్తు కావచ్చు, "తర్వాత గుర్తుచేయి" కావచ్చు, బూడిదరంగు అక్షరాల్లో నక్కి కూర్చున్న "ఇప్పుడొద్దు" కావచ్చు. కళ్లు వెతికే లోపే వేలు అక్కడికి చేరిపోతుంది. ఇది చూసి భద్రతా నిపుణులు తల పట్టుకుంటారు. జనానికి బొత్తిగా బాధ్యత లేదంటారు. నాకు మాత్రం జనం పక్షమే న్యాయంగా కనిపిస్తుంది. చదవకుండా ఓకే నొక్కేవాడు బద్ధకస్తుడు కాదు, లెక్క తెలిసినవాడు. ఆ లెక్క అతనికి నేర్పింది ఆ హెచ్చరికలే.

ఈ మాట నా సొంత పైత్యం కాదు. కార్మాక్ హెర్లీ అనే పరిశోధకుడు 2009లో దీని మీద ఏకంగా ఓ పత్రమే రాశాడు. భద్రతా సలహాలన్నీ పాటించడానికి పట్టే సమయం, పాటించకపోతే కలిగే నష్టాన్ని మించిపోతోందనీ, అంచేత జనం వాటిని పెడచెవిన పెట్టడం తెలివైన పనేననీ అతని వాదన. అతను పనిచేసేది మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో. అంటే 2007లో విండోస్ విస్టాను జనం మీదికి వదిలిన ఇంట్లోనే. విస్టా సంగతి తెలియనివాళ్లకు ఒక మాట: గడియారం సరిచేయబోయినా తెర మసకబారి "మీ అనుమతి కావాలి" అనేది. కొత్త ప్రోగ్రాము పెట్టబోయినా అదే మాట. అమెరికాలో ఆపిల్ వాళ్లు దాని మీద వేళాకోళంగా ప్రకటనలు తీశారు. 2008లో మైక్రోసాఫ్ట్ అధికారి డేవిడ్ క్రాస్ ఓ సదస్సులో లేచి, ఆ ఏర్పాటు పెట్టిందే వాడేవాళ్లను విసిగించడానికని బాహాటంగా చెప్పాడు. జనం విసిగితే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు దారికొస్తారని వాళ్ల ఎత్తుగడట. అత్తమీద కోపం దుత్తమీద తీర్చడం ప్రపంచమంతా ఉన్నదే గానీ, దాన్ని ఒక కంపెనీ విధానంగా ప్రకటించడం మాత్రం మెచ్చుకోదగ్గ నిజాయతీ. 2009లో విండోస్ 7 వచ్చేసరికి ఆ గోల చాలామటుకు తగ్గించేశారు.

సరే, జనం అసలు దేనికీ వెరవరా? వెరుస్తారు. 2013లో దేవదత్త అఖావే, ఏడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు రెండున్నర కోట్ల హెచ్చరికల లెక్క తీశారు. క్రోమ్ బ్రౌజర్‌లో, సైటు గుర్తింపు సరిగా లేదనే సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే వందకు 70 సార్లు తోసుకుని ముందుకే పోయారు. ఫైర్‌ఫాక్స్‌లో అలాంటి హెచ్చరికనే మూడింట ఒకసారి మాత్రం దాటారు. వైరస్ అంటగట్టే సైట్ల గురించి చెప్పిన హెచ్చరికలనైతే రెండింట్లోనూ దాటింది పావువంతు లోపే. మనుషుల తీరు అదే, ప్రమాదమూ నిజమే, తేడాలో మంచి భాగం చెప్పిన పద్ధతిలో ఉంది. అమెరికాలోనే బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు మనుషుల్ని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి హెచ్చరికలు చూపిస్తే, రెండోసారి చూసేసరికే మెదడు దాన్ని పట్టించుకోవడం బాగా తగ్గిపోయిందట. రెండోసారికే! మన సిస్టమ్‌లో యాంటీవైరస్ గడువు తీరిందని ఏడాదిగా రోజూ వచ్చే పెట్టెను మెదడు ఏ మూలకు నెట్టేసి ఉంటుందో ఊహించుకోవచ్చు.

పైగా, హెచ్చరికను లెక్కచేయొద్దని మనకు పాఠం చెప్పేవాళ్లలో సర్కారువారి పోర్టళ్లు కూడా ఉన్నాయి. అనకాపల్లిలో ఏదైనా కంపెనీ జీఎస్టీ లెక్కలు చూసే కుర్రాణ్ని అడగండి. డిజిటల్ సంతకం ఉన్న డాంగిల్ గుచ్చి, రిటర్నుకు సంతకం పెట్టబోతే అది మొరాయిస్తుంది. అప్పుడు చేయమనే చిట్కా ఏమిటంటే, బ్రౌజర్‌లో 127.0.0.1 అని, పక్కన 1585 అని కొట్టాలి. ఎర్ర గుర్తుతో "మీ కనెక్షన్ గోప్యం కాదు" అని వస్తుంది. భయపడకూడదు. "అడ్వాన్స్‌డ్" నొక్కి, కింద చిన్న అక్షరాల్లో "అన్‌సేఫ్" అని రాసి ఉన్న లింకు మీదే నొక్కాలి. ఆ అంకెల అర్థం ఈ కంప్యూటరే అని. తన గడప తాను దాటడం క్షేమం కాదని కంప్యూటర్ మొత్తుకుంటుంటే, "నీ మొహం, పద" అని తోయడం ఆ కుర్రాడి ఉద్యోగంలో భాగమైపోయింది. రేపు బ్యాంకు పేరుతో దొంగ సైటు వచ్చి అచ్చం అదే ఎర్ర గుర్తు కనిపిస్తే అతని వేలు ఆగాలని ఏ ధర్మం చెబుతుంది?

దొంగలు కాపు కాసేది సరిగ్గా ఇక్కడే. 2025 మే నెలలో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో పోలీసులు ఓ కాల్ సెంటర్ మీద పడి 33 మందిని పట్టుకున్నారు. పోలీసుల కథనం ప్రకారం, అద్దె ఫ్లాట్లలో కూర్చుని వీళ్లు అమెరికావాళ్లకు ఫోన్లు చేసేవారు. పేరుమోసిన ఆన్‌లైన్ దుకాణం మనుషులమని చెప్పి, మీ ఖాతాలో ఏదో తేడా జరిగిందని హడలగొట్టి, గిఫ్ట్ కార్డులు కొనిపించి, వాటి నంబర్లు రాబట్టేవారు. అది తెర మీద కాక చెవిలో మోగిన హెచ్చరిక, అంతే తేడా. తెర మీది రకం మనకూ తెలుసు: బ్రౌజర్ తెర నిండా పరుచుకుంటుంది, సైరన్ మోగుతుంది, "మీ కంప్యూటర్ లాక్ అయింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అంటుంది. హైడ్రోస్ అనే రసాయనం వేసిన బెల్లం అసలు బెల్లంకన్నా పచ్చగా మెరిసినట్టు, దొంగ హెచ్చరిక అసలుదానికన్నా శ్రద్ధగా, స్పష్టంగా ఉంటుంది. అసలుది ఏదో ఎర్రర్ కోడ్ చెప్పి ఊరుకుంటుంది. దొంగది మాత్రం మీ ప్రమాదం ఏమిటో, పరిష్కారం ఏమిటో, ఎవరితో మాట్లాడాలో విడమరిచి చెబుతుంది. మర్యాదగా "సార్" అంటుంది కూడా.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. 2017 మేలో వన్నాక్రై వైరస్ ప్రపంచాన్ని కుదిపినప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా మొరాయించాయి. దాన్ని ఆపగల అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. మరి "తర్వాత గుర్తుచేయి" అన్నవాళ్లది తప్పు కాదా, పది అనవసరపు హెచ్చరికలు వచ్చినా ఒక్క అవసరమైనది అందితే చాలదా అంటారు. చాలదు. ఆ ఒక్కటీ మిగతా పదింటి మొహమే వేసుకుని వస్తే దాన్ని పోల్చుకునేదెలా? రంగు మార్చిన ఐకాన్ గురించీ, ప్రాణం మీదికి వచ్చే లోపం గురించీ ఒకే గొంతుతో అరిచేవాడు అసలు విషయాన్ని దాచిపెట్టినట్టే లెక్క. ఫోన్ చేసినప్పుడల్లా సైబర్ నేరాల గురించి వినిపించిన ట్యూన్ సంగతి చూడండి. హిందీలో అమితాబ్ బచ్చన్ గొంతే అరువిచ్చినా జనం విసిగిపోయారు. 2025 జూన్‌లో దాన్ని ఆపేశారు. చెప్పిన విషయం మంచిదే, చెప్పిన సమయమే అన్యాయం. అర్జెంటుగా డాక్టరుకు ఫోన్ చేసేవాడికి కేవైసీ మోసాల మీద ఉపన్యాసం ఎందుకు ఎక్కుతుంది?

మరి కంపెనీలు ఎందుకు తగ్గించవు? హెచ్చరించేవాడికి పైసా ఖర్చు లేదు గనుక. పైగా లాభం. ఏదైనా జరిగితే "మేం ముందే చెప్పాం, మీరే ఓకే నొక్కారు" అని చేతులు దులుపుకోవచ్చు. కొత్త ల్యాప్‌టాప్‌తో ఊరికే వచ్చిన యాంటీవైరస్ అయితే మరీను, దాని హెచ్చరికల్లో సగం డబ్బు కట్టమనే అడగడం. మనం ఎంత భయపడితే దానికంత గిరాకీ. భద్రతకూ బేరానికీ ఒకే పెట్టె వాడుతున్నంతకాలం నష్టపోయేది భద్రతే.

వాళ్లు మారేదాకా మనం పెట్టుకోదగ్గ గీటురాయి ఒకటుంది. ఫోన్ నంబరు ఇచ్చి ఇప్పుడే చేయమని తొందరపెట్టే వైరస్ హెచ్చరిక ఏదైనా దొంగదే, విండోస్ సొంత హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. తెర కదలనివ్వకపోతే ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి, లేదా ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి, అదీ కాదంటే పవర్ ఆపేయండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆ క్షణమే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.