కోచ్ కప్పులు లెక్కపెట్టకండి, ఓటములు అడగండి

వేసవి సెలవులు దగ్గర పడగానే హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ విశాఖలోనూ స్పోర్ట్స్ అకాడమీల ఫ్లెక్సీలు లేస్తాయి. వాటి మీద మెళ్లో మెడల్‌తో ఒకప్పటి ఛాంపియన్ ఫొటో ఉంటుంది. "ఆయన ఇండియాకి ఆడాడట" అన్న ఒక్క మాట వింటే చాలు, అమ్మానాన్నలు ఫీజు కట్టేస్తారు. ఆడటం ఒక విద్య, ఆడించడం ఇంకో విద్య. మొదటిది వచ్చినంత మాత్రాన రెండోది వచ్చేయదు. కోచ్ కోసం వెతుకుతున్న తల్లిదండ్రులకి నేనిచ్చే సలహాలు వినడానికి తలకిందులుగానే ఉంటాయి. అయినా పాటించండి. తప్పు కోచ్ దగ్గర పోయేది డబ్బొక్కటే కాదు, మళ్లీ రాని పిల్లల వయసు.

1. గోడ మీది కప్పులకి వీపు పెట్టి కూర్చోండి

రమాకాంత్ ఆచ్రేకర్ ఆడిన ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఒకే ఒక్కటి. ఆయన చేతిలో తయారైనవాడు సచిన్ టెండూల్కర్. మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి బడిపంతులు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని ఇంటికి పంపలేదు, ఫార్వర్డ్‌గా దింపారు. జర్నైల్ సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. దక్షిణ కొరియాని 2-1తో ఓడించాం. ఎవరిని ఎక్కడ నిలబెడితే పనికొస్తారో పసిగట్టే ఆ చూపుకి ఎవరూ కప్పు ఇవ్వరు.

దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ మీద 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, గొప్పగా ఆడినవాళ్లే కోచ్‌లుగానూ ఎక్కువ మ్యాచ్‌లు గెలిపించారని తేలింది. కాదనను. కానీ అక్కడ శిష్యులు అప్పటికే ఆరితేరిన ప్రొఫెషనల్స్. మీరు తీసుకెళ్తున్నది ఇంకా రాకెట్ పట్టుకోవడం రాని పదేళ్ల పిల్లని.

2. "నాకు సహజంగానే వచ్చేసింది" అనే కోచ్‌కి దణ్ణం పెట్టి వచ్చేయండి

సహజంగా వచ్చినదాన్ని విడమరిచి చెప్పడం మహా కష్టం. వేలసార్లు కొట్టాక షాట్ ఆలోచనలోంచి జారి ఒంట్లోకి ఇంకిపోతుంది. ఆరితేరినవాళ్లకి తాము చేసిందేమిటో అడుగడుగూ గుర్తుండదని సైకాలజిస్టులు గోల్ఫ్ క్రీడాకారులపై చేసిన ప్రయోగాల్లో గమనించారు కూడా. అలాంటివాళ్లని "ఎలా కొట్టాలి సర్?" అని అడిగితే "ఇదిగో, ఇలా" అని కొట్టి చూపిస్తారు. పిల్లలకి కావలసింది ఆ "ఇలా"లో ఉన్న నాలుగు మెట్లు.

గ్రెగ్ చాపెల్ టెస్టుల్లో 53.86 సగటుతో 24 సెంచరీలు చేసిన మేటి. 2005లో భారత జట్టు కోచ్‌గా వచ్చారు. వరుస ఛేజింగ్‌లలో జట్టు గెలిచిన రోజులూ ఉన్నాయి. కానీ సీనియర్లతో పొసగలేదు. 2007 ప్రపంచకప్‌లో మనం తొలి రౌండ్‌లోనే ఇంటిముఖం పట్టాం, ఆయనా వెళ్లిపోయారు. ఆ తర్వాత వచ్చిన గ్యారీ కిర్‌స్టన్‌ది మెరుపుల బ్యాటింగ్ కాదు, ఓపికతో కట్టుకున్నది. మనవాళ్లకి నెట్స్‌లో గంటల తరబడి తనే బంతులు విసిరేవాడు. 2011లో కప్పు మన చేతికొచ్చింది.

3. గెలుపుల సంగతి వదిలేసి గాయాల సంగతి అడగండి

"మరి గోపీచంద్?" అంటారు, తెలుసు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచందే కదా సైనాకి లండన్ ఒలింపిక్స్ కాంస్యం, సింధుకి రియో రజతం వచ్చినప్పుడు కోచ్! నిజమే. కానీ ఆయన్ని ఆల్ ఇంగ్లండ్ విజేతగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. 1994లో పుణె జాతీయ క్రీడల్లో ఆయన మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్లయ్యాక కోర్టులో కదలడం మళ్లీ మొదట్నుంచి నేర్చుకున్నారు. ఒంటికి తెలిసిన విద్య ఒకసారి పోతేనే అది ఏ ముక్కలతో కట్టిందో మనిషికి తెలుస్తుంది. నా లెక్కలో ఆయన్ని గురువుగా చేసింది ఆ మోకాలే.

4. మీ పిల్లని కాదు, అందరికన్నా వెనకబడ్డ పిల్లాడిని చూడండి

చేరే ముందు ఒక సాయంత్రం కోర్టు పక్కన కూర్చోండి. కోచ్ నెట్ దగ్గర నిలబడి ఒక్కో షటిల్ విసురుతుంటాడు. ఒక పిల్లాడు బ్యాక్‌హ్యాండ్ కొట్టిన ప్రతిసారీ షటిల్ నెట్‌లోనే పడుతుంటుంది. "చెప్తే అర్థం కాదా, గట్టిగా కొట్టు" అని అరిచే కోచ్ ఉంటాడు. షటిల్ పక్కన పెట్టి, వాడి దగ్గరికి వెళ్లి, బిగుసుకుపోయిన గుప్పెట వదులు చేసి, బొటనవేలిని హ్యాండిల్ వెడల్పు వైపు ఆనించి, "తగిలే క్షణంలోనే బిగించు నాన్నా" అనే కోచ్ ఉంటాడు. రెండోవాడు జిల్లా స్థాయి దాటకపోయినా సరే, అక్కడే చేర్చండి.

5. పెద్ద పేరున్నవాళ్లకి ముందు చిన్న కుర్చీ వేయండి

ఈ మాట క్లబ్బులకి, సంఘాలకి. ఫుట్‌బాల్‌లో జిదాన్ అంతటివాడు రియల్ మాడ్రిడ్‌లో ముందు ఆన్సెలొట్టి దగ్గర అసిస్టెంట్‌గా ఉన్నాడు, తర్వాత అదే క్లబ్ రెండో జట్టుని నడిపాడు. 2016లో అసలు జట్టు చేతికొచ్చాక వరుసగా మూడు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిపించాడు. మారడోనా చేతికి నామమాత్రపు కోచింగ్ అనుభవంతోనే అర్జెంటీనా జట్టు వచ్చింది. 2010 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో జర్మనీ చేతిలో 4-0 తేడాతో ఓడిపోయింది. రిటైరైన ఛాంపియన్‌కి సన్మానం చేయండి, శాలువా కప్పండి. శిక్షణ బాధ్యత మాత్రం పటియాలా ఎన్‌ఐఎస్‌లో డిప్లొమా చేసి, కొన్నాళ్లు ఇంకొకరి కింద పనిచేశాకే ఇవ్వండి.

6. శిష్యుల్ని వదులుకోగలిగే కోచ్‌నే పట్టుకోండి

సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. తండ్రి రమణ అర్జున అవార్డు గ్రహీత. అయినా కూతుర్ని తమ ఆటలోకి లాగలేదు. సికింద్రాబాద్‌లో మెహబూబ్ అలీ దగ్గర ఓనమాలు దిద్దుకున్న అమ్మాయి తర్వాత గోపీచంద్ అకాడమీకి వెళ్లింది, టోక్యో కాంస్యం కొరియా కోచ్ పార్క్ తే-సాంగ్ దగ్గర గెలిచింది. ఏ ఒక్కరూ అన్ని మెట్లూ ఎక్కించలేరు. "నా దగ్గర నేర్చుకోవాల్సింది అయిపోయింది, ఇక ఫలానా చోటికి తీసుకెళ్లండి" అని ఎంతమందికి చెప్పారో అడగండి. ఒక్కరికీ చెప్పలేదంటే వెనక్కి వచ్చేయండి.

ఈ వేసవిలో అకాడమీకి వెళ్లినప్పుడు "మీరేం గెలిచారు?" అని అడగకండి. "మీకు బొత్తిగా రానిది, కష్టపడి నేర్చుకున్నది ఏమిటి సర్?" అని అడగండి. ఆలోచించి ఓపిగ్గా జవాబు చెప్పిన మనిషికే మీ బిడ్డ చెయ్యి అప్పగించండి.