రెగ్యులేటర్ లేని బావమరిది

డాలస్‌లో ఉంటున్న మా బావమరిది పగలంతా బ్యాటరీలకు కాపలా కాస్తాడు. ఎలక్ట్రిక్ కార్ల కంపెనీలో ఉద్యోగం. బ్యాటరీ వేడెక్కితే ఏం చెయ్యాలి, ఎన్ని ఆంపియర్లు దాటితే కరెంటు ఆపెయ్యాలి అని ప్రోగ్రాములు రాస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి, అదే జాతి బ్యాటరీని ఏ కాపలా లేని ఇత్తడి గొట్టంలో దోపి, ఆ గొట్టాన్ని నోట్లో పెట్టుకుంటాడు. మొదటి పనికి జీతం పుచ్చుకుంటాడు. రెండో పనికి ఎదురు డబ్బిస్తాడు.

కిందటి వేసవిలో నేనూ మా ఆవిడా వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, నన్ను మెల్లగా బాల్కనీలోకి లాక్కెళ్ళి ఆ వస్తువు చూపించాడు. యాలకులు దంచే ఇత్తడి రోలుకి జత రోకలి కాబోలనుకుని, “వంటింట్లో ఉండాల్సింది నీ జేబులో ఉందేంట్రా?” అన్నాను. వాడు నొచ్చుకున్నాడు.

“మెక్ బావా ఇది! మెకానికల్ మోడ్. ఇందులో చిప్ ఉండదు.”

మా ఇంట్లో ఉల్లిపాయ కూడా గడప దాటదు అని చెప్పుకునే నిష్ఠాపరుడి గొంతు అది.

ఈ-సిగరెట్ల లోకంలో రెండు మతాలున్నాయని ఆ సాయంత్రమే నాకు తెలిసింది. ఒక మతం వాళ్ళది రెగ్యులేటెడ్ పెట్టె. అందులో బ్యాటరీకీ, పొగ పుట్టించే తీగచుట్టకీ, అంటే కాయిల్‌కీ, మధ్య ఒక చిప్ కూర్చుంటుంది. మీట నొక్కిన ప్రతిసారీ తీగ నిరోధం కొలుస్తుంది. మీరు పెట్టిన వాట్లే ఇస్తుంది. ఎక్కడైనా షార్టు కనబడితే కరెంటు ఇవ్వనంటుంది. బ్యాటరీ మరీ నీరసపడితే ఆపేస్తుంది. మీట మీద వేలు మరిచిపోతే కొన్ని సెకన్లకు తనే కట్టేసుకుంటుంది. మొత్తానికి మధ్యతరగతి ఇంట్లో పెద్దకోడలు లాంటిది. ఎవరూ పొగడరు, ఆవిడ లేకపోతే ఇల్లు నడవదు.

రెండో మతంలో పెద్దకోడలు లేదు. గొట్టం, అడుగున మీట, మధ్యలో 18 మిల్లీమీటర్ల లావూ 65 మిల్లీమీటర్ల పొడవూ ఉన్న 18650 బ్యాటరీ, పైన దూది తొడిగిన తీగచుట్ట. మీట నొక్కితే బ్యాటరీ దగ్గర ఎంతుందో అంతా తీగ మీద పడుతుంది. ఆపేవాడు లేడు, అడిగేవాడు లేడు. తరచి చూస్తే ఇది మన పాత టార్చిలైటే. బల్బు ఉండాల్సిన చోట మా బావమరిది మూతి ఉంటుంది.

అసలు ఈ-సిగరెట్ల పుట్టుక గురించి కూడా చెప్పాడు. 2003లో హాన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు సిగరెట్టు మానడానికి తోడుగా ఇప్పటి ఈ-సిగరెట్టును తయారుచేశాడు. మానడానికి పుట్టిన వస్తువుకి భక్తులు పుట్టడానికి ఎంతోకాలం పట్టలేదు. తొలినాళ్ళ పెన్నుల్లాంటి ఈ-సిగరెట్లిచ్చే పొగ వీళ్ళకు ఆనలేదు. అమెరికాలోనూ ఫిలిప్పీన్స్‌లోనూ గొట్టాలకు గుడి కట్టారు. ఎవరు వదిలిన పొగమబ్బు పెద్దదో తేల్చుకోవడానికి పోటీలు పెట్టుకున్నారు. మబ్బు కోసం మన పల్లెల్లో కప్పలకు పెళ్ళిళ్ళు చేస్తారు, ఆ మబ్బు పడితే పంటైనా పండుతుంది.

“అయితే చిప్ మీద నీకెందుకురా అంత పగ?” అన్నాను.

“ఎంత పొగ కావాలో నాకు తెలుసు బావా. అది చెప్పేదేంటి? ఇదైతే సింపుల్. నేనూ, బ్యాటరీ. మధ్యలో ఎవరూ ఉండకూడదు.”

ఆ ‘సింపుల్’ ఎలా ఉంటుందో చూపిస్తానని లోపల్నుంచి ఒక సంచి తెచ్చాడు. మా ఊరి మంత్రసాని సంచి కూడా అంత బరువుండేది కాదు. అందులోంచి నిరోధం కొలిచే ఓమ్ మీటరు తీశాడు. తెర ఉన్న చార్జరు తీశాడు. కాంతాల్ తీగ చుట్టలు, తీగ వంచడానికి సిరామిక్ పట్టకారు, జపాన్ దూది, బ్యాటరీలకు తొడిగే ప్లాస్టిక్ తొడుగులు, ఒక్కో బ్యాటరీకీ ఒక్కో డబ్బా. ఆంపియర్లు లెక్కకట్టడానికి ఫోనులో ప్రోగ్రాము. చివరికి, నమ్మరు, చింతపండు. వాళ్ళమ్మ పులుసులోకి పంపిన కొత్త చింతపండుతో ఆ ఇత్తడి గొట్టాన్ని తోముతాడు. పెళ్ళికి ముందు ఇంట్లో ఒక్క చెంబు తోమిన పాపాన పోలేదు.

అప్పుడు నాకు అసలు సంగతి తట్టింది. చిప్ ఎక్కడికీ పోలేదు. చోటు మారిందంతే. గొట్టంలోంచి తీసేసిన చిప్‌లో సగం సంచిలోకి వచ్చింది. సంచిలో పట్టని సగం మా వాడి తలలోకి ఎక్కింది. పెట్టెలోని చిప్ మీట నొక్కిన ప్రతిసారీ లెక్క వేస్తుంది. మా వాడు తీగ చుట్టిన నాడు ఒక్కసారి వేస్తాడు. పైగా చిప్‌కి శుక్రవారం రాత్రి మందు పార్టీ ఉండదు. పొద్దున నాలుగింటికి బెంగళూరు ఆఫీసుతో మీటింగు ఉండదు. చీకట్లో తడుముకుంటూ బ్యాటరీ మార్చదు. ఇంత నిద్రలేని మనిషిని చిప్ ఉద్యోగంలో పెట్టుకున్న గొట్టాన్ని ‘సింపుల్’ అంటున్నాడు.

ఇక ఆ లెక్క సంగతి. 1827లో జర్మనీలో జార్జ్ ఓమ్ అనే పంతులు, వోల్టుల్ని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుందని పుస్తకం వేశాడు. నిండుగా చార్జి చేసిన బ్యాటరీ 4.2 వోల్టులు. తీగ నిరోధం 0.2 ఓమ్‌లైతే 21 ఆంపియర్లు. ఇంకా పెద్ద మబ్బు కావాలని తీగ లావు చేసి 0.1 ఓమ్‌కి దించితే 42 ఆంపియర్లు. ఈ సైజులో ఎక్కువ కరెంటు ఇచ్చే పేరున్న బ్యాటరీలకు కూడా ఆగకుండా ఇవ్వగల హద్దు 20 నుంచి 30 ఆంపియర్లే. మన ఇళ్ళలో గీజరుకి పెట్టే లావు ప్లగ్గు 16 ఆంపియర్లది. వోల్టులు వేరనుకోండి, తీగను కాల్చేది మాత్రం ఆంపియరే. గీజరు ప్లగ్గుకి రెండున్నర రెట్లు కరెంటు పిడికిట్లో పెట్టుకుని మా వాడు ‘స్వేచ్ఛ’ అంటున్నాడు. చవక బ్యాటరీకి కొత్త తొడుగు తొడిగి దాని మీద 40 అనో 50 అనో అచ్చేసే ఘనులు బజారులో ఉండనే ఉన్నారు. వాళ్ళ అంకెను నమ్మి లెక్క వేస్తే ఓమ్ పంతులుగారు కూడా కాపాడలేరు.

లెక్క సరిపోయినా గండం గడవదు. కొన్ని గొట్టాల్లో బ్యాటరీ పై కొన నేరుగా కాయిల్ అడుగునున్న మేకుని తాకుతుంది. ఆ మేకు వెంట్రుకవాసి లోపలికి పోయిందంటే బ్యాటరీ కొన దాని చుట్టూ ఉన్న మరల్ని తాకి పూర్తి షార్టు అవుతుంది. బ్యాటరీ తొడుగు గోరంత చిరిగితే, మీట నొక్కకుండానే కాయిల్ కాలడం మొదలెట్టవచ్చు. లిథియం బ్యాటరీ ఒకసారి లోపల్నుంచి కాగడం మొదలెడితే దాని వేడే దానికి కట్టెలవుతుంది, గ్యాసు ఎగదన్నుతుంది. గొట్టానికి చాలినన్ని రంధ్రాలు లేకపోతే ఆ గ్యాసుకి దారి రెండు వైపులే. ఒక వైపు మీట, రెండో వైపు మూతి. చిప్ ఉన్న పెట్టె అయితే షార్టు తగిలినప్పుడు తెర మీద రెండు ముక్కలు రాసి ఊరుకుంటుంది. మెక్ మితభాషి, చెప్పదలుచుకున్నది ఒక్కసారే చెబుతుంది.

నేను కథలల్లడం లేదు. 2018 మేలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 38 ఏళ్ళ మనిషి ఇలాంటి గొట్టం పేలి చనిపోయాడు. దాని ముక్కలు తలలోకి దూసుకుపోయాయి. 2019 జనవరిలో ఫోర్ట్ వర్త్‌లో, అంటే మా వాడి పక్క ఊళ్ళో, 24 ఏళ్ళ కుర్రాడికి పేలిన ముక్క మెడలోని రక్తనాళం తెంపింది. రెండు రోజులకు పోయాడు. 2009 నుంచి 2016 చివరిదాకా అమెరికాలో ఈ-సిగరెట్లు పేలినవీ అంటుకున్నవీ 195 సంఘటనలని అక్కడి ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2017లో లెక్క చెప్పింది. గాయాలు 133, అందులో తీవ్రమైనవి 38. ఆ 195లో చిప్ ఉన్నవీ ఉండే ఉంటాయి. చిప్ పతివ్రత అని నేను ప్రమాణం చెయ్యడం లేదు. ఈ మధ్య దానికి రంగుల తెర తగిలించి, దమ్ముకీ దమ్ముకీ మధ్య ఆడుకోవడానికి వీడియో గేములు కూడా పెట్టారు. ఊపిరి తీసుకోవడంలో విసుగు పుడుతుందని కాబోలు. కానీ గేము పెట్టారన్న కోపంతో బ్రేకులు పీకేసుకునేవాడిని మా బావమరిదినొక్కణ్ణే చూశాను.

ఫోర్ట్ వర్త్ మాట ఎత్తితే వాడి జవాబు సిద్ధంగా ఉంది. “వాళ్ళు లెక్క తప్పి ఉంటారు బావా.” ఈ మతంలో దేవుడి తప్పు ఎన్నటికీ ఉండదు. పేలితే భక్తుడికి మడి చాల్లేదని అర్థం. పోయినవాళ్ళు వాదనకి తిరిగి రారు కాబట్టి సిద్ధాంతం నిక్షేపంగా ఉంది.

“మెక్ పాడవదు బావా. వానలో తడిసినా పనిచేస్తుంది,” అన్నాడు ఇంకో వాదన తీసి. నిజమే. పాడవడానికి అందులో ఏమైనా ఉంటే కదా! నూతిలో పడ్డ చెంబు కూడా పాడవదు. “బ్యాటరీ తగ్గేకొద్దీ పొగ పలచబడుతుంది, అలా బ్యాటరీయే నాతో మాట్లాడుతుంది,” అన్నాడు. కట్టుకున్న పెళ్ళాం మూడు రోజులుగా మాట్లాడటం లేదని మా ఆవిడ ద్వారా నాకు అప్పటికే తెలుసు.

డిసెంబరులో ఇండియా వస్తున్నాడు. ఇండియాలో ఈ-సిగరెట్ల మీద 2019లో నిషేధం వచ్చింది. సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన ఏదైనా నేరమే. మొదటి తప్పుకి ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మా వాడు దానికీ ఒక సందు కనిపెట్టాడు. “నా దాంట్లో ఎలక్ట్రానిక్స్ లేవు గదా, మరి ఇది ఎలక్ట్రానిక్ సిగరెట్టెలా అవుతుంది?” శంషాబాద్‌లో కస్టమ్స్ ఆఫీసరు ముందు ఈ తర్కం వినిపించే దృశ్యం తలుచుకుని రెండు రోజులు నవ్వుకున్నాను. చట్టం రాసినవాళ్ళు మా బావమరిది లాంటివాళ్ళని ఎరుగుదురు. ఏ పేరుతో పిలిచినా, ఏ ఆకారంలో ఉన్నా, ఏ సైజులో ఉన్నా అని ముందే రాసుకున్నారు. ఆ చట్టం ముందు చిప్ ఉన్నదీ లేనిదీ ఒకటే. ఇక ప్రతి బడ్డీ కొట్టులో బీడీ కట్టా సిగరెట్టు పెట్టే దర్జాగా దొరుకుతుండగా, గుంటూరులో 1976 నుంచి పొగాకు బోర్డు నడుస్తుండగా ఇది ఒక్కటే నేరమెలా అయిందంటారా? ఆ వ్యంగ్యం పార్లమెంటు స్వీయరచన. నేను దానికి కలపగలిగింది లేదు.

మా మామగారు చుట్ట కాల్చేవారు. చెడ్డ అలవాటే, కాదనను. కానీ ఆ చుట్టకి కూడా కాస్త బుద్ధుండేది. లాగడం మానేస్తే దానంతటదే ఆరిపోయేది. ఆయన నిప్పుపెట్టె వెతుక్కుంటూ ఇల్లంతా తిరిగేవారు. ఆయనకి చుట్ట కన్నా ప్రమాదకరమైన అలవాటు ఇంకొకటుండేది. ఎండాకాలం ఫ్యూజు మాటిమాటికీ పోతోందని, సన్న తీగ తీసేసి మోటారు వైరులోని లావు రాగి పోగులు నాలుగు కలిపి మెలేసి బిగించారు. “ఇంక ఫ్యూజు పోదు,” అన్నారు. అన్నట్టే ఫ్యూజు పోలేదు. ఆ రాత్రి బోరు మోటారు కాలిపోయింది, దాని పక్కనున్న గడ్డివాము అంటుకుంది. ఊరంతా బిందెలతో ఆర్పుతుంటే మామగారు నా చెయ్యి పట్టుకుని ఫ్యూజు పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి, “చూశావా, చెక్కు చెదరలేదు!” అన్నారు. ఆ వాము పక్కన నిలబడి చూసిన పదేళ్ళ కుర్రాడే ఇవాళ డాలస్‌లో ఇత్తడి గొట్టం తోముతున్నాడు. చెడిపోవడమే ఉద్యోగంగా పెట్టుకున్న వస్తువు చెడిపోకపోతే, దాని బదులు ఇంకేదో చెడిపోవాలి. ఆ పాఠం వాడి కళ్ళముందే జరిగింది, వాడు వాళ్ళ నాన్నవైపు చూస్తూ నిలబడ్డాడు.

ఊపిరితిత్తుల మాట రెండు మతాల్లోనూ ఒకటే. చిప్ కొలిచి పంపినా, గొట్టం గుప్పించినా లోపలికెళ్ళేది నికోటినే, దాని పట్టు దానిదే. మొద్దు గొట్టంలో పళ్ళకి కూడా గండం ఉంది, అది అదనం.

డాలస్ నుంచి తిరిగొచ్చాక ఒక రాత్రి నరసరావుపేటలో అత్తగారింట్లో పడుకున్నాను. పదింటికి ఆవిడ వంటింట్లోకి వెళ్ళి సిలిండరు రెగ్యులేటర్ తిప్పి కట్టేసింది. వచ్చి మంచమెక్కింది. ఐదు నిమిషాలకి మళ్ళీ లేచి వెళ్ళి, చెయ్యి పెట్టి చూసుకుని వచ్చింది. గడ్డివాము కాలిన నాటి నుంచీ ఆవిడ ఒక్క రాత్రి కూడా ఈ పని తప్పలేదట. ఆవిడ చదివింది ఐదో తరగతి, ఓమ్ ఎవరో తెలియదు. కొడుకు బ్యాటరీల ఇంజినీరని వీధి వీధంతా చెప్పుకుంటుంది. ఆ ఇంట్లో ఇంజినీరెవరో నాకు ఆ రాత్రి తెలిసింది.