ఉద్యోగం పోవడానికీ ఓ పద్ధతుంది

మన దేశంలో ఉద్యోగం పోయినవాడికి సర్కారు డబ్బిస్తుందంటే నమ్మేవాళ్లు తక్కువ. ఇస్తుంది. కాకపోతే ఉద్యోగం పోగొట్టుకునే విషయంలో మనవాళ్లకి బొత్తిగా క్రమశిక్షణ లేదు. ఎవరు ఎప్పుడు పొమ్మంటే అప్పుడు టిఫిన్ డబ్బా సర్దుకుని వచ్చేస్తారు.

పథకం పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. ఈఎస్‌ఐ వాళ్లది. జీతంలోంచి నెలనెలా ముప్పావు శాతం కోసుకునే ఈఎస్‌ఐ జ్వరం మాత్రలకీ, సనత్‌నగర్ ఆసుపత్రిలో ఓపీ చీటీకీ తప్ప పనికిరాదనుకుంటాం. 2018 జూలై నుంచి అది పని పోయినవాళ్లకు భృతి కూడా ఇస్తోంది. మొదట్లో రోజు వేతనంలో పావు వంతు. కరోనా ఏడాది దాన్ని సగం వేతనానికి పెంచారు. నెలకు 18 వేలు తెచ్చుకునే మనిషికి రోజుకు 300 చొప్పున 90 రోజులు, అంటే 27 వేలు. జీవితం మొత్తానికీ ఆ తొంభై రోజులే. మళ్లీ మళ్లీ ఉద్యోగం పోగొట్టుకోవాలనే దురాశ ఉన్నవాళ్లు ఆ సరదా సొంత ఖర్చుతో తీర్చుకోవాలి.

పుట్టినప్పుడు ఈ పథకంలో ఒక చమత్కారం ఉండేది. దరఖాస్తు పాత యజమాని ద్వారా రావాలి. నిన్న గెంటేసిన ఆయన దగ్గరికే ఇవాళ వెళ్లి, "అయ్యా, తమరు నన్ను గెంటినట్టు ఓ సంతకం పడేస్తే..." అని చేతులు నలుపుకోవాలన్నమాట. పైగా మూడు నెలలు ఖాళీగా ఉన్నాకే అడగాలి. ఆకలికీ ప్రొబేషన్. 2020లో ఇవి సడలించారు. నెల రోజులు ఆగితే చాలు, నేరుగా ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, అఫిడవిట్ కూడా ఎత్తేశారు. మంచిదే. రెండేళ్ల ప్రయోగంగా మొదలైన పథకం మాత్రం గడువు దగ్గరపడ్డప్పుడల్లా పొడిగింపు తెచ్చుకుంటూ బతికింది. కాంట్రాక్టు ఉద్యోగుల కష్టం దానికి బాగా తెలుసు.

ఇక అర్హతలు. బీమాలో రెండేళ్లు ఉండాలి. పని పోవడానికి ముందటి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు, అంతకు ముందరి మూడింటిలో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు చందా కట్టి ఉండాలి. అందుచేత చందా లెక్కలు చూసుకుని శుభముహూర్తాన పని పోగొట్టుకోవడం ఉత్తమం. జీతం 21 వేలు దాటినవాళ్లకు అసలు ప్రవేశమే లేదు. ఆ గీత 2017 జనవరిలో గీసింది. ఇంక్రిమెంటు ఇచ్చి 22 వేలు చేసి, కేకు కోయించిన మేనేజరు ఆ కత్తితోనే భృతి కూడా కోశాడని తర్వాతెప్పుడో తెలుస్తుంది. మాదాపూర్ సాఫ్ట్‌వేర్ వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. వాళ్లకి పీఎఫ్ ఉంది, లింక్డిన్‌లో సానుభూతి ఉంది.

అసలు పేచీ ఎక్కడంటే, మన దగ్గర ఎవరినీ ఉద్యోగంలోంచి తీసెయ్యరు. అన్నీ రాజీనామాలే. జీడిమెట్లలో ఒక కంపెనీ ఉంది. శుక్రవారం సాయంత్రం హెచ్‌ఆర్ కుర్రాడు ఏసీ గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "అన్నా, మీరే పేపర్ పెట్టేస్తే నీట్‌గ ఉంటది. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ రెండూ ఇచ్చేస్తం. లేకుంటే రేపు వేరే కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే మేమేం చెప్పాలె?" అంటాడు. 'వ్యక్తిగత కారణాల వల్ల' అనే ముక్క అప్పటికే టైపై ఉంటుంది.

తీసేశాం, అంటే రిట్రెంచ్‌మెంట్ అని రాస్తే కంపెనీకి చేతి చమురు వదులుతుంది. నోటీసివ్వాలి, ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం కట్టాలి. కార్మికుడికి ఆ ఒక్క మాటే ఆధారం. 2005లో వచ్చిన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద, ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్ చేసినా రెండేళ్ల దాకా భృతి రావచ్చు: మొదటి ఏడాది సగం, రెండో ఏడాది పావు. రాజీనామా పట్టుకెళ్తే ఆ గడప తొక్కనక్కర్లేదు. అటల్ గారి పథకంలోనూ దుష్ప్రవర్తన మీద తీసేసినా, రిటైరైనా, స్వచ్ఛంద విరమణ తీసుకున్నా చెల్లదని రాసుంది. "మీరే మానేశారు కదండీ" అని కౌంటర్లో అడిగితే, ఆ స్వచ్ఛందం ఎంత స్వచ్ఛమో మంచినీళ్ల గ్లాసు వచ్చి సాక్ష్యం చెప్పదు.

ఇంతకన్నా అసలు ఉద్యోగమే దొరకనివాడు నయం. అతనికి ఎన్నికలున్నాయి. 2018లో తెలంగాణలో నిరుద్యోగ భృతి నెలకు 3,016 అన్నారు. చివరి పదహారు చూసినప్పుడే తెలియాల్సింది, అది పెళ్లిలో చదివింపుల్లాంటిదని. మైకులో వినబడటం వరకే. 2023లో ఇంకో పార్టీ సరూర్‌నగర్ సభకు వచ్చేసరికి 4,000 అయింది. ఆంధ్రలో 2018 గాంధీ జయంతి నాడు మొదలైన యువనేస్తం నెలకు వెయ్యి నిజంగానే వేసింది. ప్రభుత్వం మారాక ఆ పథకానికే ఉద్యోగం పోయింది. 2024 ఎన్నికల్లో మూడు వేల జీతానికి మళ్లీ దరఖాస్తు పెట్టుకుంది. ఇవన్నీ యువతకు. నలభై ఐదేళ్ల లేత్ మెషిన్ ఆపరేటర్ని ఏ మేనిఫెస్టో యువత అనదు.

మొన్న శుక్రవారం ఆ హెచ్‌ఆర్ కుర్రాడిని కూడా అదే గదిలో కూర్చోబెట్టారట. జీతం 26 వేలు, కనక ఈఎస్‌ఐ లేదు. రాజీనామా కోసం మాత్రం శ్రమపడలేదు. ఫైలు తన కంప్యూటర్లోనే ఉంది, పేరు మార్చుకున్నాడు.